మొక్కు లేని గుండు

సింహాద్రి అప్పన్నకి ఏటేటా తలనీలాలు ఇచ్చే పిల్ల ఆ ఊళ్లో హేమ ఒక్కతే. మిగతా పిల్లలకి పుట్టువెంట్రుకలు తీయించి, ఒక దండం పెట్టుకుని ఊరుకుంటారు. హేమకి మాత్రం వరికోతల రోజుల్లో ఏటా కొండ మీద గుండు కావలసిందే. "గుంటకి సిన్నప్పుడు పేణం మీదకొచ్చినాది. అప్పన్న నిలబెట్టినాడు. పెద్దమనిసయ్యే దాకా ఏటా జుట్టిస్తానని మొక్కేసినాను తల్లీ" అని నానమ్మ సుభద్రమ్మ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది. వినేవాళ్లు చెంపలు వేసుకునేవారు.

మొక్కూ లేదు, మన్నూ లేదు. హేమకి మూడున్నరేళ్లప్పుడు మెదడు వెనక భాగంలో గడ్డ లేచింది. కేన్సరు గడ్డ. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి తీశారు. తర్వాత తలకీ వెన్నుకీ రేడియేషన్ ఇచ్చారు. మన వైపు దాన్నే కరెంటు పెట్టడం అంటారు. ఉన్న జుట్టంతా ఊడిపోయింది. మళ్లీ మొలిచింది గానీ పలచగా, పాయలు పాయలుగా మొలిచింది. తల వెనక, మెడకి పైన అరచెయ్యంత మేర అసలు మొలవనే లేదు. జడ వేస్తే నెత్తి కనిపిస్తుంది, వదిలేస్తే కుట్లు కనిపిస్తాయి. కేన్సరన్న మాట గడప దాటితే రేపు ఈ పిల్లని ఎవడు చేసుకుంటాడని నానమ్మ సుభద్రమ్మ, తాత జగన్నాధం ఆలోచించారు. ఆలోచించి, బోడిగా ఉన్న చోటు దాచడానికి మొత్తం తలే బోడి చేయించడం మేలని తేల్చారు. గుండు మీద గంధం పూస్తే కుట్లు కూడా కనబడవు. గంధం ఆరిపోయాక కుట్టుటోపీ ఉండనే ఉంది.

ఆస్పత్రిలో ఏటేటా చేయించే పరీక్షలూ ఆ గుండు కిందే దాగిపోయాయి. పొద్దున్నే రాజాంలో బస్సెక్కి విశాఖపట్నం వెళ్లి, ఆస్పత్రిలో చూపించుకుని, అక్కణ్నుంచి సింహాచలం కొండెక్కి, గుండుతో ప్రసాదంతో తిరిగొచ్చేవారు. ఊరికి ప్రసాదం ముట్టేది. ఆస్పత్రి సంగతి ఇంట్లో నలుగురికే తెలుసు.

ఆ నలుగురిలో హేమ తల్లి ఝాన్సీ ఒకతె. అబద్ధానికి ఆమె కూడా తల ఊపింది. పిల్ల బతికి కళ్లెదుట తిరుగుతోంది, ఇంకేం కావాలి అనుకుంది. ఆస్పత్రిలో డాక్టరు గదిలోకి మొగుడు నరేష్ వెళ్లేవాడు, మొదట్లో మామ జగన్నాధం కూడా వెళ్లేవాడు. ఝాన్సీ పులిహోర డబ్బా ఒళ్లో పెట్టుకుని పిల్లతో వరండాలో కూర్చునేది. నరేష్ బయటికొచ్చి, "అంతా బాగున్నాదంట, పద" అనేవాడు. ఇంటర్ దాకా చదివిన ఝాన్సీకి లోపల ఏం మాట్లాడారో వివరంగా అడగాలని ఎప్పుడూ తోచలేదు. బాగుందన్న మాట చాలా తియ్యగా ఉండేది.

చేదు వేరే దారిలో వచ్చింది. ఒకటో తరగతి దాకా హేమ అందరిలాగే ఉంది. రెండో తరగతిలో వెనకబడింది. మూడో తరగతి రెండోసారి చదువుతోంది. నిన్న వచ్చిన ఎక్కం ఇవాళ రాదు. బోర్డు మీద ఉన్నది చూసి రాసుకోమంటే మిగతా పిల్లలు పుస్తకాలు మూసేసరికి ఈ పిల్ల రెండో వరసలో ఉంటుంది. ఏదైనా అడిగితే జవాబు చెప్పదు. అడిగిన సంగతి అందరూ మరిచిపోయాక, అన్నం తింటూనో నీళ్లు తోడుతూనో, "నలభై రెండు" అంటుంది.

"మొండిది. వాళ్ల నాన్న పోలిక" అనుకుంది ఝాన్సీ. సాయంత్రం వంటింట్లో ఎదురుగా కూర్చోబెట్టుకుని ఎక్కాలు చెప్పించేది. మొదట బతిమాలింది. తర్వాత చెవి మెలేసింది. ఆ తర్వాత అప్పడాల కర్ర తీసింది.

"ఏడార్లెంత?"

హేమ కిటికీ వైపు చూస్తుంది.

"నన్ను సూడు. ఏడార్లెంతే? ఇప్పుడే కదా సెప్పినావు! సెవులో సీసం పోసుకున్నావా?"

కర్ర మోకాలి మీద పడుతుంది. హేమ ఏడవదు. మోకాలు చేత్తో కప్పుకుని ఇంకా ఆలోచిస్తూనే ఉంటుంది. ఆ ఏడవకపోవడం చూస్తే ఝాన్సీకి ఇంకా మండేది.

ఆ ఏడు కార్తీకం చివర బళ్లో అనూరాధ టీచరు హేమని యూకేజీ గదిలో కూర్చోబెట్టింది. తొమ్మిదేళ్ల పిల్ల మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, నాలుగేళ్ల పిల్లల మధ్య చాప మీద కూర్చుని ఏ ఫర్ యాపిల్ అంటోంది. ఆ దారినే రేషన్ షాపుకి వెళ్తున్న ఝాన్సీ కిటికీలోంచి చూసింది. లోపలికి వెళ్లి అరుద్దామనుకుంది. కానీ టీచరు ముందే ఎదురొచ్చి, "మీరే చూడండమ్మా, ఎంత చెప్పినా ఎక్కదు. పిలిస్తే పలకదు. ఇంట్లో మీరు గారం చేస్తున్నట్టున్నారు" అంది. ఝాన్సీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆ కోపమంతా పిల్ల మీదే తీర్చుకుంది.

ఆస్పత్రి పరీక్షల రోజు దగ్గరపడేసరికి బంగాళాఖాతంలో వాయుగుండం అన్నారు. కోసిన వరి పనలు ఇంకా చేలోనే పరిచి ఉన్నాయి. తడిస్తే మొలకెత్తిపోతాయి. నరేష్ కదలడానికి లేదు.

"వచ్చే నెల ఎల్దాంలే" అన్నాడు.

"టీవీలో తుపానొచ్చిన ప్రతిసారీ పిల్లకి పరీక్షలు మానేస్తావేటి? నానెల్తాను. నాకు బస్సెక్కడం రాదా?" అంది ఝాన్సీ.

నరేష్ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "డాక్టరుతో ఎక్కువ మాట్లాడకు. ఫైలిచ్చి సంతకం పెట్టించుకొచ్చేయ్, సాలు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు ఆమెకి పట్టలేదు. సుభద్రమ్మ వీధి గుమ్మం దాకా వచ్చి, "కొండ మీద గుండు మరిసిపోకే. నున్నగా సెయ్యమను. పోయినేడు మంగలోడు వెనక కుచ్చులొదిలేసినాడు" అని హెచ్చరించింది.

డాక్టరమ్మ నడివయసు మనిషి. ఫైలు తిప్పుతూ, నవ్వుతూ, "హేమా, ఏ క్లాసమ్మా?" అంది.

హేమ ఆలోచిస్తోంది. ఝాన్సీ చెప్పింది: "మూడో తరగతండి. మూడే రెండోసారి."

డాక్టరమ్మ తలెత్తింది. "రెండోసారా? పోయినేడు క్లాసులో ఫస్టొచ్చిందని చెప్పారే మీవారు!"

"ఎవరు, మా ఆయనా?"

"ప్రతి ఏడూ అడుగుతున్నాం కదమ్మా, చదువెలా ఉంది, జ్ఞాపకం ఎలా ఉంది, స్కూలు నుంచి ఏమైనా అంటున్నారా అని. బ్రహ్మాండంగా చదువుతోందంటారు. ఇక్కడ రాసుకున్నాం కూడా."

డాక్టరమ్మ హేమని పక్క గదికి పంపింది. అక్కడొక అమ్మాయి అంకెలు చెప్పి తిరిగి చెప్పమంది, రంగు దిమ్మలు పేర్చమంది, చెవులకి యంత్రం పెట్టి ఏదో వినిపించింది. చాలాసేపు పట్టింది. తర్వాత తల్లిని ఒక్కదాన్నే లోపలికి పిలిచారు. ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవడం ఝాన్సీకి ఇన్నేళ్లలో అదే మొదటిసారి.

"మొదట్లోనే మీవారినీ మామగారినీ కూర్చోబెట్టి చెప్పామమ్మా" అంది డాక్టరమ్మ. "ప్రాణం దక్కాలంటే రేడియేషన్ ఇవ్వక తప్పదు. కానీ ఇంత చిన్న వయసులో మెదడుకి ఇస్తే ఆ దెబ్బ తర్వాత తెలుస్తుంది, చదువులో తెలుస్తుంది అని."

"నాకు సెప్పనేదండి."

"మీకు ఇంట్లో చెబుతారనుకున్నాం."

"తల్లి బయట వరండాలో కూకునుంది కదండీ. గది బయటే. ఒకసారి తలుపు తీసి పిలవడానికి మీకేటి కష్టమొచ్చినాది?" ఝాన్సీ గొంతు లేచింది. బయట కూర్చున్నవాళ్లు తొంగిచూశారు. "మగోళ్లకి సెప్పేస్తే సెప్పినట్టేనా? పిల్లకి అన్నం పెట్టీది నాను, ఎక్కాలు సెప్పీది నాను!"

డాక్టరమ్మ ఫైలు మూసి పక్కన పెట్టింది. "పిలవాల్సింది" అంది. "తప్పే."

ఆ తర్వాత కాగితం మీద బొమ్మ గీస్తూ చెప్పింది. మూడున్నరేళ్ల పిల్ల మెదడు ఇంకా కట్టుబడిలో ఉంటుంది. జ్ఞాపకాన్ని పట్టి ఉంచే చోట కొత్త కణాలు పుడుతూ ఉంటాయి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి కబురు మోసే నరాల పోగుల మీద కొవ్వూ ప్రొటీన్లూ కలిసిన తెల్లటి తొడుగు పొరలు పొరలుగా పడుతూ ఉంటుంది. ఆ తొడుగు ఎంత బాగా పడితే కబురు అంత వేగంగా పోతుంది. రేడియేషన్ గడ్డ కణాల్ని చంపింది. కానీ అది గడ్డనీ మంచినీ పూర్తిగా వేరు చేసుకోలేదు. కొత్తగా పుట్టే కణాలకీ, తొడుగు వేసే కణాలకీ కూడా దెబ్బ తగిలింది. ఆ రోజున ఏమీ కనబడదు. తోటి పిల్లల మెదళ్లు ఏడాదికేడాది ముందుకి పోతుంటే ఈ పిల్లది నెమ్మదిగా నడుస్తుంది, దూరం పెరుగుతూ పోతుంది.

"మొద్దు కాదమ్మా" అంది డాక్టరమ్మ. "జవాబు ఉంటుంది. వచ్చేసరికి ఆలస్యమవుతుంది. వెంటనే చెప్పమని గద్దిస్తే దారిలో ఉన్నది కూడా చెదిరిపోతుంది. చెవులు కూడా కొంచెం తగ్గాయి, అది అప్పట్లో ఇచ్చిన కేన్సరు మందుల వల్ల కావొచ్చు. సన్నటి గొంతుతో వెనక నుంచి పిలిస్తే వినబడదు."

ఝాన్సీ తన గొంతు గురించి ఆలోచించింది. కోపమొస్తే తన గొంతు సన్నగా, కీచుగా అయిపోతుంది.

"ముందే తెలిసుంటే ఏటైనా సేసుందుమా?"

"ముందు బెంచీలో కూర్చోబెట్టమని స్కూలుకి కాగితం రాసిచ్చేవాళ్లం. పరీక్షకి ఎక్కువ టైము, కొద్దికొద్దిగా చెప్పడం, ప్రత్యేకంగా నేర్పేవాళ్లు. ఇవన్నీ మొదట్నుంచీ చేస్తే తేడా ఉంటుంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు కూడా చెయ్యాలి. ఆలస్యం కాలేదని మాత్రం మీతో అబద్ధం చెప్పను."

ఆ మాటొక్కటే ఆ రోజు ఝాన్సీకి మర్యాదగా అనిపించింది.

బయట ఎండ లేదు, ఆకాశం మూసుకొస్తోంది. బస్టాపులో హేమ తల్లి చెయ్యి లాగింది. సింహాచలం బస్సు వచ్చి ఆగింది.

"అమ్మా, కొండకి."

"ఎల్లం."

హేమ కొంతసేపటికి అంది: "మరి గుండో?"

"ఈయేడు నేదు. ఇంకెప్పుడూ నేదు."

ఝాన్సీ రాజాం బస్సెక్కింది. హేమ ఆమె భుజం మీద నిద్రపోయింది. పలచటి జుట్టు టోపీ కిందనుంచి బయటికి వచ్చింది. ఆ తల తన భుజానికి తగులుతుంటే ఝాన్సీకి ఏడుపు రాలేదు. మోకాలి మీద పడ్డ ప్రతి దెబ్బా గుర్తొచ్చింది. ఆ కర్ర తన చేతిలో ఉన్నప్పుడు నరేష్ వీధి అరుగు మీద కూర్చుని ఉండేవాడు. వినేవాడు. ఎక్కాలు ఎందుకు రావడం లేదో తెలిసిన మనిషి, ఒక్క మాట అనకుండా, సెల్‌ఫోనులో వాయుగుండాల బొమ్మలు చూసుకునేవాడు.

ఆటో దిగి ఇంటికి పోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని తిన్నగా కళ్లానికి నడిచింది.

కళ్లంలో అందరూ హడావిడిగా ఉన్నారు. ఆడకూలీలు చేలోంచి మోపులు మోసుకొస్తుంటే నరేష్ కుప్ప మీద నిలబడి అందుకుని పేరుస్తున్నాడు. కింద జగన్నాధం టార్పాలిన్ విప్పుతున్నాడు. సుభద్రమ్మ ముందుగా చూసింది.

"ఇదేటే! గుండేదీ? పెసాదమేదీ?"

"గుండు నేదత్తా. అయిపోనాది ఆ బాగోతం."

"నెమ్మదిగా సెప్పు, జనాలున్నారు."

"ఉండనీ." ఝాన్సీ కుప్ప దగ్గరికి వెళ్లి తలెత్తింది. "బావా, దిగు."

నరేష్ ఆమె మొహం చూశాడు. అతనికి అర్థమైంది. "వాన మీదకొచ్చీసినాది ఝాన్సీ. ఇంటికాడ మాట్లాడుకుందారి" అన్నాడు.

"మన పిల్ల క్లాసు ఫస్టంట కదా? ఏ బళ్లో? నాకూ సూపించు, నానూ సూస్తాను ఆ ఫస్టొచ్చిన పిల్లని!"

నరేష్ చేతిలో మోపు అలాగే ఉంది. మోపులు మోసుకొచ్చిన ఆడవాళ్లు ఆగిపోయారు.

"కరెంటు పెడితే తల దెబ్బతింటాదని నీకు సెప్పినారు. మావకి సెప్పినారు. అయిదేళ్లకి పైగా కడుపులో పెట్టుకుని కూకున్నారు. నాను ఆ గుంటని కొడతంటే అరుగు మీద కూకుని విన్నావు గదా, మనిసివేనా నువ్వు?"

జగన్నాధం టార్పాలిన్ వదిలేసి లేచాడు. "నానే వద్దన్నాను. వాడినేటీ అనకు. నీకు సెప్తే కరెంటు పెట్టనివ్వవని సెప్పనేదు. ఆడదానివి, బెంగెట్టేసుకుందువు. పిల్ల దక్కకపోను."

ఆ మాటతో ఝాన్సీ ఒక్క అంగలో మామ ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెట్టనివ్వనా? పెట్టమనేదాన్ని మావా! ఆ డాక్టరు కాళ్లట్టుకుని పెట్టమనేదాన్ని. ఎక్కాలు రాకపోతే పీడాపోనాది, బతికుంటే సాలనేదాన్ని. నా పిల్లని సచ్చిపోనిస్తానని అనుకున్నారా? అలగే అనుకున్నారా నా గురించి?" ఆమె తన కుడి చెయ్యి చాచి చూపించింది. "సెప్పుంటే పెట్టించుకుందును. కొట్టకపోదును. అంతే కదా తేడా! కర్రట్టుకోకపోదును!"

"ఓలే, నోరు ముయ్యే" అని సుభద్రమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఊరంతా వింటన్నాది. రేపు ఆ గుంట మెడలో తాళి..."

"వినమను! కేన్సరు. కేన్సరొచ్చినాది నా పిల్లకి. మొక్కూ నేదు తొక్కా నేదు."

మోపు కింద పడేసి అసిరమ్మ పైట సర్దుకుంది. ఆ ఇంట్లో ఎప్పట్నుంచో పని చేస్తున్న మనిషి.

"మాకు తెల్దనుకున్నావేటమ్మా?" అంది నెమ్మదిగా. "మా తోటికోడలికి గొంతుకి కరెంటెట్టినప్పుడు మెడెనకాతల జుట్టు ఇలగే పోనాది. ఆ గుంట తల సూసిన్నాడే అనుకున్నాం. పెద్దమ్మ మొక్కని సెప్పుకుంటంటే ఎందుకులే అని ఊ కొట్టినాం."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఏటేటా పంచిన ప్రసాదం, చెంపలు వేసుకున్న చేతులు, సుభద్రమ్మ మాట నిలబెట్టడానికి ఊరు చేసిన మర్యాద అన్నమాట. ఝాన్సీకి నవ్వొచ్చింది, ఆ నవ్వులో కూడా మంటే. ఊరికి తెలిసినది ఊరి నుంచి దాచడానికి పిల్ల జుట్టు గొరిగించారు. చెప్పవలసిన తల్లికీ టీచరుకీ చెప్పకుండా పిల్ల బుర్రని గాలికొదిలేశారు.

నరేష్ కుప్ప దిగి వచ్చాడు. గడ్డి నూగు మొహానికి అంటుకుని ఉంది. "బాగయిపోతాదేమో అనుకున్నాను" అన్నాడు. "పెద్దదవతా ఉంటే అదే సర్దుకుంటాదేమో అని. ఆ డాక్టరు అడిగినప్పుడల్లా... బాగున్నాదని నోటంట వచ్చీసేది."

"నీకు బాగున్నాది బావా. దానికి బాగోనేదు."

మొదటి చినుకు పడింది. మళ్లీ మోపులు కదిలాయి. ఎవరి కోపాల కోసమూ వాన ఆగదు మరి. ఝాన్సీ పిల్లని తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ పూట నరేష్‌కి అన్నం వడ్డించింది సుభద్రమ్మే.

మర్నాడు వాన కొంచెం తెరిపిచ్చాక ఝాన్సీ బడికి వెళ్లింది. హేమ పక్కనే ఉంది. హెడ్‌మాస్టరు గదిలో అనూరాధ టీచరు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం చదివింది. చదువుతుంటే ఆమె మొహం మారిపోయింది.

"అయ్యో, ముందే ఒక్క మాట చెప్పుంటే పిల్లని యూకేజీలో కూర్చోబెట్టేదాన్నా అమ్మా?"

"సెప్పకపోతే మాత్రం కూకోబెట్టొచ్చా?" అంది ఝాన్సీ. "ఏ జబ్బూ నేని పిల్లకి ఎక్కాలు రాకపోతే చాప మీద కూకోబెట్టి అందరిచేతా నవ్వించొచ్చా? నాను అప్పడాల కర్రతో కొట్టినాను. నాకు బుద్ధి నేదు. మీరు బీఈడీ సదివినారు కదా!"

టీచరు ఆ కాగితాన్ని హెడ్‌మాస్టరు ముందు పెట్టింది. హెడ్‌మాస్టరు కుర్చీలో కదిలాడు. "అమ్మా, మా దగ్గర ఇలాంటి పిల్లలకి స్పెషల్ టీచర్లు లేరు. గవర్నమెంటు బళ్లో అయితే..."

"ఇలాంటి పిల్లలేటి? నా పిల్ల పేరు హేమ." ఝాన్సీ బల్ల మీద చెయ్యి ఆనించింది. "స్పెషల్ టీచర్ని విజయనగరంలో నాను సూసుకుంటాను. మిమ్మల్ని అడిగీది ముందు బెంచీ. కుడిసెవి కొంచెం మంచిది, అటేపు నిలబడి సెప్పండి. అడిగినాక ఆగండి. జవాబొచ్చీదాకా పక్కపిల్లని అడగకండి. ఇది కూడా సెయ్యలేమంటే సెప్పండి, ఇలగే గుమ్మంలో నిలబడి ఎల్లీ పిల్లలందరి అమ్మలకీ సెప్తాను, ఈ బళ్లో పిల్లల్ని ఎలా సూస్తారో."

హెడ్‌మాస్టరు సరేనన్నాడు. ఆ సరేనని ఝాన్సీ పెద్దగా నమ్మలేదు. రేపట్నుంచి ఏదో వంకతో వచ్చి కిటికీలోంచి చూడాలని నిశ్చయించుకుంది. టీచరు హేమని చెయ్యి పట్టుకుని మూడో తరగతిలోకి తీసుకెళ్లింది. ముందు బెంచీలో ఉన్న పిల్లలు జరిగారు. హేమ కూర్చుని, వెనక్కి తిరిగి తల్లి వైపు చాలాసేపు చూసింది. మొహంలో ఏమీ లేదు. కష్టం గట్టెక్కిందనుకుంది ఝాన్సీ.

సాయంత్రం ఝాన్సీ వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. హేమ వచ్చి ఎదురుగా పీట మీద కూర్చుంది. తనూ ఒక కాయ తీసుకుని ఈనె లాగడం మొదలుపెట్టింది. ఒకటి లాగి పళ్లెంలో వేసింది. ఇంకోటి. ఝాన్సీ ఏమీ అడగలేదు. ఈ రెండు రోజుల్లో నేర్చుకున్నదల్లా అదే, ఊరుకోవడం.

"నా తల్లో గడ్డున్నాదా?" అంది హేమ.

"ఉండేది. తీసేసినారు. ఇప్పుడు నేదు."

చాలాసేపయింది. పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టింది.

"అప్పన్న మొక్కు కాదా?"

"కాదు."

"నాయినమ్మకి తెల్సా?"

"తెల్సు."

"నాన్నకి?"

"తెల్సు."

హేమ ఇంకో కాయ తీసుకుంది. ఈనె సగంలో తెగిపోయింది. "అసిరమ్మకి కూడా తెల్సు" అంది. కళ్లంలో విన్నది ఇప్పటికి చేరింది కాబోలు. తర్వాత తలెత్తి చూసింది. "నీకు?"

ఝాన్సీ చేతులు ఆగాయి. "సదువు సంగతి నాకు సెప్పనేదే. నిన్ననే..."

"గడ్డ సంగతి."

"తెల్సు."

"మరి నాకెందుకు తెల్దు?"

సిన్నపిల్లవని, అనబోయింది ఝాన్సీ. బెంగపెట్టుకుంటావని. నిన్న కళ్లంలో మామ నోట అచ్చంగా ఆ మాటే విని అరిచింది తను.

"బళ్లో బోడిగుండని పిలుస్తారు నన్ను" అంది హేమ. ఒక్కో మాటా వెతికి తెచ్చుకుంటున్నట్టు ఆగి ఆగి అంటోంది. "దేవుడికిచ్చినానని సెప్పినాను. అందరికీ సెప్పినాను. అబద్ధం సెప్పించినావు నాసేత." ఇంత కాలం దెబ్బలకి రాని ఎర్రదనం ఆ చిన్న మొహంలోకి వచ్చింది. "నా తలే కదా! నా తల సంగతి అసిరమ్మకి తెల్సు, నాకు తెల్దు!"

పళ్లెం ఎత్తి విసిరేసింది. చిక్కుడుకాయలు గచ్చంతా చెదిరాయి. చప్పుడికి వీధి గదిలోంచి సుభద్రమ్మ, "ఏటదీ?" అని అరిచింది. నరేష్ గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. ఝాన్సీ చెయ్యి అడ్డం పెట్టి అతన్ని అక్కడే ఆపింది.

"నిజమే" అంది హేమతో. "సెప్పాలి. నీకే ముందు సెప్పాలి."

"ఇప్పుడు సెప్పు" అంది హేమ. తల్లి వైపు చూడటం లేదు, గోడ వైపు తిరిగి కూర్చుంది. కుడి చెవి మాత్రం ఇటు ఉంది.

ఝాన్సీ పొయ్యి కట్టేసింది. చెదిరిన కాయలు ఏరకుండా గచ్చు మీదే కూర్చుని మొదలుపెట్టింది. నీకు మూడేళ్లు దాటినాయి, పొద్దున్న లేస్తే కక్కుకునేదానివి, నడుస్తూ నడుస్తూ పడిపోయేదానివి, మొదట పైత్యమనుకున్నాం, రాజాంలో డాక్టరు స్కాను రాసినాడు, ఆ స్కానులో...

"జోరుగా సెప్పకు" అంది హేమ గోడతో. "మళ్లీ మొదట్నుంచి."